యూనివర్సిటీలో డైరెక్టరీ అడ్మిన్ ఉద్యోగం: చేరొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి చిత్తూరులో బీసీఏ చేసింది. తిరుపతిలో ఒక యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్‌లో యాక్టివ్ డైరెక్టరీ చూసే పనికి ఏడాది కాంట్రాక్టు మీద రమ్మన్నారు. పాస్‌వర్డులు మార్చే పనేనట. చేర్చమంటారా?

జవాబు: చేర్చండి. కానీ పాస్‌వర్డుల దగ్గరే ఆగిపోతే ఏడాది వృథా. యాక్టివ్ డైరెక్టరీ అంటే సంస్థలోని ఖాతాలన్నిటినీ, కంప్యూటర్లన్నిటినీ ఒకేచోట నడిపే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ. డిపార్ట్‌మెంట్లన్నీ పంచుకునే ఆ డైరెక్టరీలో ఎవరికి ఎంతవరకు అధికారమో తేల్చడమే అసలు విద్య. ఐడెంటిటీ మేనేజ్‌మెంట్ (ఎవరు దేన్ని వాడొచ్చో చూసే) ఉద్యోగాలకి పునాది అదే.

కెమిస్ట్రీ ల్యాబ్ ఇన్‌చార్జి వచ్చి, ‘ప్రతిదానికీ మీ చుట్టూ తిరగలేను, డొమైన్ అడ్మిన్ ఇచ్చేయండి’ అంటారనుకోండి. డొమైన్ అంటే ఆ డైరెక్టరీ కింద నడిచే ఖాతాలు, కంప్యూటర్ల మొత్తం; డొమైన్ అడ్మిన్‌కి వాటన్నిటిపైనా అధికారం ఉంటుంది. ఆయన ఇబ్బంది నిజమే, అయినా అది ఇవ్వకూడదు. ఆ ఖాతాతో ల్యాబ్ పీసీలో లాగిన్ అయినప్పుడు అందులో మాల్‌వేర్ ఉంటే, పరీక్షల విభాగం దాకా తాళాలన్నీ దొంగ చేతికి పోతాయి. కెమిస్ట్రీకి ఒక ఓయూ పెట్టి (ఉస్మానియా కాదు, ఆర్గనైజేషనల్ యూనిట్, అంటే డైరెక్టరీలో ఒక విభాగానికి కేటాయించిన అర), ఒక గ్రూపు చేసి, డెలిగేషన్ విజార్డ్ అనే హక్కులు పంచే సాధనంతో పాస్‌వర్డ్ రీసెట్, కంప్యూటర్లు చేర్చే హక్కు ఆ ఓయూ వరకే ఇవ్వాలి. హక్కు మనిషికి కాదు, గ్రూపుకి. రేపు ఆయన బదిలీ అయితే గ్రూపులోంచి పేరు తీస్తే సరి. ఎవరు అడిగారు, ఎవరు ఒప్పుకున్నారు అన్నది రాతలో ఉండాలి.

మామూలు యూజర్ కూడా 10 కంప్యూటర్ల దాకా డొమైన్‌లో చేర్చుకునేలా మైక్రోసాఫ్ట్ ముందే పెట్టి ఉంచింది. దాన్ని సున్నా చేయాలి. రిటైరైనవాళ్ల ఖాతా వెంటనే డిలీట్ చేయకూడదు, డిసేబుల్ చేయాలి. అదే పేరుతో మళ్లీ సృష్టించినా సిస్టమ్ ఖాతాని గుర్తుపట్టే లోపలి ఎస్‌ఐడీ నంబరు మారిపోతుంది, పాత ఫోల్డర్లు తెరుచుకోవు.

సాధనకి 16 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ చాలు. వర్చువల్‌బాక్స్‌లో (ల్యాప్‌టాప్ లోపలే వేరే కంప్యూటర్లు నడిపే సాఫ్ట్‌వేర్) ఒక విండోస్ సర్వర్ (ట్రయల్ 180 రోజులు ఉచితం), ఒక క్లయింట్ (దానికి కలిపే మామూలు విండోస్ పీసీ) పెట్టుకోమనండి. క్లయింట్ డొమైన్‌లో చేరనంటే ముందు క్లయింట్‌లో డీఎన్‌ఎస్ (పేరుని బట్టి సర్వర్‌ని వెతికిపెట్టేది) సెట్టింగ్ చూడాలి. అక్కడ ఇంటి రౌటర్ కాదు, సర్వర్ ఐపీ ఉండాలి. గడియారాల మధ్య తేడా 5 నిమిషాలు దాటినా లాగిన్‌ని సరిచూసే కెర్బరోస్ పద్ధతి ఒప్పుకోదు.

చేరిన రోజే మెయిల్‌కి ఒక ఖాతా, అడ్మిన్ పనికి వేరే ఖాతా అడగమనండి. ఒక్కదానితోనే సర్దుకోమంటే, ఆ మాట మెయిల్‌లో రాసిమ్మనాలి.