పాఠాల పెట్టె: చెప్పే గొంతు, చుట్టూ ఉన్న గాలి

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. పూతలపట్టు దగ్గర ఒక హైస్కూల్లో తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు చెబుతాను. పద్యమో కథో అయ్యాక 'దీని టోన్ ఏమిటి, మూడ్ ఏమిటి' అని అడిగితే మా పిల్లలు రెండింటికీ ఒకే జవాబు రాస్తారు. రెండు చోట్లా 'సాడ్', లేకపోతే రెండు చోట్లా 'హ్యాపీ'. టోన్ అంటే రచయిత వైఖరి, మూడ్ అంటే పాఠకుడికి కలిగే భావం అని నిర్వచనం రాయించాను. అందరూ తప్పు లేకుండా అప్పజెబుతారు. ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ మొదటికే. పోయిన వారం ఒక పిల్లాడు 'రెండూ ఒకటే అయినప్పుడు రెండు పేర్లెందుకు మిస్?' అన్నాడు. నిజం చెప్పాలంటే నా దగ్గరా జవాబు లేదు. ఎలా చెప్పాలి?
ఒక టీచర్, చిత్తూరు జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ పిల్లాడిని మెచ్చుకోండి. అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. మీరు చెప్పిన పాఠంలో ఆ రెండూ నిజంగానే ఒకటై ఉంటాయి. మనం క్లాసుకు తీసుకెళ్ళేవి చాలావరకు అలాంటివే. రచయిత బాధపడుతూ రాస్తాడు, చదివేవాళ్ళకూ బాధ కలుగుతుంది. అక్కడ తేడా చూపించమంటే పాలూ నీళ్ళూ కలిపి ఇచ్చి వేరు చేయమన్నట్టే. తేడా నేర్పాలంటే రెండూ విడిపోయిన పాఠంతో మొదలుపెట్టాలి. నేను తిరుపతిలో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఈ సంగతి తట్టేసరికి అందులో సగం గడిచిపోయాయి. మీకు అంత ఆలస్యం కాకూడదని కాస్త విడమరిచి రాస్తున్నాను.

చిక్కు మన వాడుక మాటలోనూ ఉంది. 'మూడ్' మన పిల్లలకు కొత్త మాటేం కాదు. 'ఈరోజు సార్ మూడ్ బాగాలేదు', 'నాకు మూడాఫ్‌గా ఉంది' అని రోజూ వింటారు. తెలుగులో ఆ మాటకు ఒక మనిషి మనసు ఎలా ఉందన్న అర్థమే స్థిరపడిపోయింది. అందుకే కథ మూడ్ ఏమిటంటే కథలోని మనిషి మూడ్ రాస్తారు. మనం తప్పు వేస్తాం, ఎందుకు తప్పో వాళ్ళకు తెలియదు. టోన్ దగ్గర మాత్రం వాడుకే మనకు సాయం. 'నాతో ఆ టోన్‌లో మాట్లాడొద్దు' అని అమ్మ అన్నప్పుడు మాటను కాదు, అన్న తీరును తప్పుపడుతోందని ప్రతి పిల్లకూ తెలుసు. నేను మొదటి వారం ఈ రెండు ఇంగ్లీషు మాటలూ పక్కన పెట్టి 'గొంతు', 'గాలి' అనేదాన్ని. చెప్పేవాళ్ళ గొంతు ఎలా ఉంది? చదువుతుంటే నీ చుట్టూ గాలి ఎలా ఉంది? ఉక్కగా ఉందా, చల్లగా ఉందా, వాన ముందు స్తంభించినట్టుందా? ఇది పట్టుబడ్డాక పరీక్షలో రాయాల్సిన మాటలు ఇచ్చేదాన్ని.

గొంతుతో మొదలుపెట్టండి. బోర్డు మీద 'మామయ్య వచ్చాడు' అని రాయండి. దాని కింద 'మామయ్య వచ్చాడట', 'మామయ్య వచ్చాడులే', 'వచ్చాడు పాపం, మామయ్య', 'మామయ్య విచ్చేశారు', 'మామయ్య దిగబడ్డాడు'. జరిగింది ఒక్కటే, ఒక మనిషి గడప దాటి లోపలికి వచ్చాడు. కానీ ఒక్కో వాక్యం చదవగానే చెప్పే మనిషి ముఖం కళ్ళకు కడుతుంది. 'అట' అన్నవాళ్ళు ఆ రాకకు తాము పూచీ పడటం లేదు. 'లే' అన్నవాళ్ళు ఇక ఆ సంగతి వదిలేయమంటున్నారు. 'దిగబడ్డాడు' అన్న ఇంట్లో బియ్యం డబ్బా అడుగంటి ఉండొచ్చు. మా క్లాసులో ఒకమ్మాయి 'విచ్చేశారు'ను రెండు రకాలుగా చదివింది. ఒకసారి పెళ్ళిపత్రికలో ఉన్నట్టు, రెండోసారి ఆలస్యంగా ఇంటికొచ్చిన తాతను నాయనమ్మ అన్నట్టు. ఇలా గొంతు విరుపుతో అర్థం మారడానికి మన అలంకారశాస్త్రంలో కాకువు అని పేరుంది. ఎదురుగా మాట్లాడేటప్పుడు ఆ విరుపు చెవికి అందుతుంది, కాగితం మీద అందదు. రచయిత ఎంచుకున్న మాటలోంచీ, వాక్యం పొడవులోంచీ, చెప్పకుండా వదిలేసిన దాంట్లోంచీ మనమే వెతుక్కోవాలి. అందుకే టోన్ అడిగే ముందు పేరాను తప్పకుండా పైకి చదివించండి.

ఇక గాలి. దీనికి నేను ఎప్పుడూ చెప్పే సంగతి మా ఇంట్లోదే. నాకు పదకొండేళ్ళప్పుడు తిరుమలలో మా తమ్ముడు తప్పిపోయాడు. తలనీలాలిచ్చి కల్యాణకట్ట నుంచి బయటికొచ్చే జనంలో చెయ్యి జారింది. వాడికి ఆరేళ్ళు, అప్పుడే గుండు చేయించాం. అక్కడ ఏ పిల్లాడిని చూసినా గుండే. మైకులో చెప్పించారు. 'నీలం నిక్కరు, తెల్ల బనియను వేసుకున్న ఆరేళ్ళ బాబు తప్పిపోయాడు. బాబుకు కుడి మోకాలి మీద కట్టు ఉంది.' ముందు తెలుగులో, తర్వాత తమిళంలో. అంతకు ముందు ఎవరిదో పోయిన సంచి గురించి చెప్పింది కూడా ఆ గొంతే. తొందర లేదు, వణుకు లేదు. అలా చెబితేనే అంత జనంలో వివరాలు అందుతాయి. మా అమ్మ మాత్రం 'కట్టు ఉంది' అన్న మాట దగ్గర నేల మీద కూలబడిపోయింది. ఇంకో అరగంటకు వాడు ఒక తమిళ కుటుంబం పక్కన కూర్చుని లడ్డు తింటూ కనిపించాడు. క్లాసులో ఈ కథేమీ చెప్పకుండా ముందు ఆ ప్రకటన ఒక్కటే చదువుతాను. గొంతు ఎలా ఉందంటే 'మామూలుగా ఉంది మిస్' అంటారు. గాలి ఎలా ఉందంటే కాసేపు ఎవరూ మాట్లాడరు.

ఆ తర్వాత ఇచ్చేందుకు నేనే రాసుకున్న చిన్న పేరా ఒకటి ఉంది. మీరూ వాడుకోండి, ఇంగ్లీషులోకి మార్చుకున్నా సరే.

'నాన్న రాత్రి ఒక ఆట ఆడదామన్నాడు. లైటు వేయకూడదట. చెప్పులు చేత్తో పట్టుకుని నడవాలట. అమ్మకు ఆటలు రావు, మూటలు కడుతూనే ఉంది. గోడ గడియారం నేను తెస్తానంటే వద్దంది. పక్కింటి కుక్క మొరిగింది, నాన్న నా నోరు గట్టిగా మూశాడు. రోడ్డెక్కేదాకా నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆటలో నేనే గెలిచాను.'

గొంతు ఏమిటంటే సంతోషం, కాస్త గొప్ప చెప్పుకోవడం. ఇది క్లాసంతా చెబుతుంది. మరి చదువుతుంటే నీకు సంతోషంగా ఉందా అంటే లేదంటారు, భయంగా ఉందంటారు. అప్పుడు అడగండి: ఇందులో 'భయం' అన్న మాట ఎక్కడైనా ఉందా? మరి ఆ భయం ఎక్కడి నుంచి వచ్చింది, వేలు పెట్టి చూపించు. నేను మొదటిసారి చేయించినప్పుడు చాలామంది నోరు మూసిన చోట వేలు పెట్టారు. వెనక బెంచీ పిల్లాడొకడు గడియారం దగ్గర పెట్టాడు. ఎందుకురా అంటే 'టిక్ టిక్ వినిపిస్తుంది కదా మిస్' అన్నాడు. రాసిన నాకే అది తట్టలేదు, బరువని వదిలేశారనుకుని రాశాను. ఇంకో అమ్మాయి చాలా మెల్లగా 'వాళ్ళు మళ్ళీ ఆ ఇంటికి రారు' అంది. ఆ పిల్లను ఇంకేమీ అడగలేదు. అప్పులకు ఊరు విడిచి బెంగళూరు దారి పట్టిన ఇళ్ళు మన పక్క ఉన్నాయి. మీ క్లాసులోనూ అలాంటి పిల్ల ఉండొచ్చు, చూసుకుని నడిపించండి.

ఈ పేరాలో మూడు సంగతులు వేరు వేరుగా కనిపిస్తాయి. నాన్నకు భయం, అది కథలోని మనిషి మనసు. పాపకు హుషారు, అది చెప్పే గొంతు. మనకు గుబులు, అది గాలి. నాన్న భయపడుతున్నాడు కాబట్టి మూడ్ భయం అని రాసిన పిల్లకు జవాబు సరిపోతుంది గానీ దారి తప్పుతుంది. మరుసటి కథలో దొరికిపోతుంది.

మరునాడు ఒక పని చేయించండి. అసలు పాఠం అక్కడే కుదురుతుంది. ఇదే రాత్రిని నాన్న చెబుతున్నట్టు రాయమనండి. ఇల్లు, కుక్క, మూటలు అన్నీ అవే. గొంతు మారిపోతుంది, గుబులు అలాగే ఉంటుంది. తర్వాత పాప గొంతే ఉంచి వివరాలు మార్చమనండి. అమ్మ ముసిముసిగా నవ్వుతోంది, మూటలో పులిహోర ఉంది, అందరూ మేడ మీదికి వెన్నెల చూడ్డానికి వెళ్తున్నారు. ఇప్పుడు గొంతు అదే, గాలి మారింది. ఒకదాన్ని కదలకుండా పట్టుకుని రెండోదాన్ని మార్చగలిగిన పిల్లకు ఇక నిర్వచనంతో పని లేదు.

మీకోసం మాత్రం ఇంకో మాట. కేంబ్రిడ్జిలో పాఠాలు చెప్పిన ఐ.ఏ. రిచర్డ్స్ 1929లో అర్థాన్ని నాలుగు పాళ్ళుగా విడదీశాడు. చెప్పిన విషయం, ఆ విషయం మీద చెప్పేవాడి భావం, వినేవాళ్ళ పట్ల అతని వైఖరి, అతని ఉద్దేశం. మూడోదాన్నే టోన్ అన్నాడు. ఇప్పుడు బళ్ళలో రెండోదాన్నీ కలుపుకుని టోన్ అంటున్నాం. ఆయన కవుల పేర్లు దాచి విద్యార్థులకు పద్యాలిచ్చి అభిప్రాయాలు రాయించేవాడు. ఇది మీరూ చేయొచ్చు. కవి ఎవరో తెలిస్తే పిల్లలు ముందే గైడులో ఉన్న జవాబు రాసేస్తారు.

మీ బడిలో తెలుగు పండితులుంటే ఆయన 'ఇది మన రసమే కదా' అంటారు. దగ్గరి మాటే. నాట్యశాస్త్రం రాసిన భరతుడు ఎనిమిది రసాలు చెప్పాడు, శాంతం తర్వాత చేరి నవరసాలయ్యాయి. రసం పుట్టేది చూసేవాడి మనసులో, ఆ మేరకు అది మూడ్ పక్షమే. మీ పిల్లలకు దీన్ని మీ ఊరి భాషలో చెప్పొచ్చు. ధర్మరాజుల గుడి దగ్గర మహాభారత ఉత్సవం జరిగేటప్పుడు చివరి రోజు దుర్యోధన వధ చూసే ఉంటారు. నేల మీద మట్టితో చేసిన అంత పెద్ద దుర్యోధనుడు, చుట్టూ ఎండలో జనం, గద పట్టుకుని భీముడు వేసే కేకలు. భీముడి గొంతులో కోపం. చూస్తున్న మనకు కోపమా? కళ్ళార్పకుండా, ఒళ్ళు జలదరిస్తూ, కాస్త సంబరంగా కూడా చూస్తాం. ఆ రెంటి మధ్య ఎడం మీ పిల్లలకు ముందే తెలుసు, కాగితం మీద చూడటమే తెలియదు.

ఇక ఆ పిల్లాడి ప్రశ్నకు జవాబు. రెండూ ఒకటే అయిన పాఠాలు ఉంటాయి, అప్పుడు రెండు చోట్లా 'సాడ్' అని రాయడం తప్పు కాదు. కానీ సాక్ష్యాలు వేరుగా చూపించాలి. టోన్‌కు మాటలను, వాక్యాల తీరును చూపించాలి. మూడ్‌కు చోటు, వేళ, వెలుతురు, చప్పుళ్ళు, మనుషులు చేసిన పనులు చూపించాలి. మార్కులు ఆ సాక్ష్యాలకు వేయండి.

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. టోన్ చెప్పే ఇంగ్లీషు మాటలు యాభై ఇచ్చి కంఠస్థం చేయమన్నారట. రోజూ టెన్షన్ పడుతోంది. చేయించమంటారా?
ఒక తల్లి, తిరుపతి

జవాబు: ఒక పది చాలమ్మా, కానీ ఒక్కోదానికి మీ ఇంట్లో విన్న మాట ఒకటి పక్కన రాసుకోవాలి. ముందు తెలుగులో చేయించండి. వెటకారం, ఎత్తిపొడుపు, దెప్పిపొడుపు, బుజ్జగింపు, గోముగా అడగడం, నిష్ఠూరం. గొంతులకు మనకు ఎన్ని పేర్లున్నాయో చూడండి. నిష్ఠూరం మన మీద ప్రేమ ఉన్నవాళ్ళే ఆడతారు, ఎత్తిపొడుపుకు ఆ ప్రేమ అక్కర్లేదు. ఈ తేడా తెలిసిన పిల్లకు ఇంగ్లీషు మాట తగిలించుకోవడం పెద్ద పని కాదు. ఈ రాత్రి అన్నాల దగ్గర ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా 'మా మాట మీకెక్కడ పడుతుంది లే' అంటే, అది నిష్ఠూరమో ఎత్తిపొడుపో తర్వాత మీ అమ్మాయిని విడిగా అడగండి. ఏ మాటను బట్టి అలా అనుకుందో కూడా చెప్పమనండి.