రుజువు లేకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చా?

పక్కింటి పాప ఈమధ్య ఇంట్లోకి వెళ్లడానికే భయపడుతోందని, వాళ్లతో ఉంటున్న బంధువు మీద అనుమానంగా ఉందని, చేతిలో రుజువేమీ లేదని రాశారు. రుజువు కోసం ఆగకండి, అది పోలీసులు చూసుకునే పని. లైంగిక వేధింపులైతే పోక్సో చట్టం (2012) 19వ సెక్షన్ ప్రకారం, నేరం జరిగిందని తెలిసినా, జరగొచ్చన్న భయం ఉన్నా చెప్పాల్సిందే. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదని కూడా అందులోనే ఉంది.

నేను ఇంట్లో ట్యూషన్లు చెప్తాను. నా దగ్గర చదువుకునే ఒకమ్మాయి దగ్గరి బంధువు గురించి ఒక మాట అంది. నేను గుచ్చి గుచ్చి అడగలేదు. "నువ్వు చెప్పడం మంచిదైంది, ఇందులో నీ తప్పేం లేదు" అన్నాను. తను వెళ్లాక, అన్న మాట అన్నట్టే తేదీ వేసి రాసుకున్నాను. ఇది ముఖ్యం. మనం పదే పదే అడిగితే పిల్లలు బెదిరి మాట మార్చేస్తారు, తర్వాత కోర్టులో అదే అడ్డమవుతుంది. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి. ఆ బంధువుని నిలదీయకండి, పాప మీద ఒత్తిడి పెరుగుతుంది.

1098కి ఎప్పుడైనా చేయొచ్చు, ఖర్చుండదు. మీ పేరు బయటికి రానివ్వొద్దని అడగండి. పాప ఇప్పుడే ప్రమాదంలో ఉందనిపిస్తే మాత్రం నేరుగా 112.

నేను ఫోన్ చేశాక యూనిఫాం లేకుండా ఒక మహిళా ఎస్ఐ ఇంటికే వచ్చి, తల్లి పక్కన ఉండగా అమ్మాయితో మాట్లాడారు. చట్టం చెప్పేదీ అదే. తల్లి కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. బంధువుల్లో పెద్దమనుషులు "పరువు పోతుంది, కూర్చుని తేల్చుకుందాం" అంటూ తిరిగారు. ఇది రాజీ కుదుర్చుకునే కేసు కాదు, ఆ మాట మీ దాకా వచ్చినా పట్టించుకోకండి.

చాలామందికి తెలియనిది సపోర్ట్ పర్సన్ సంగతి. బాలల సంక్షేమ సమితి, అంటే సీడబ్ల్యూసీ, కేసు మొదలైనప్పటి నుంచి కోర్టు దాకా పాపకు తోడుగా ఒకరిని నియమించాలి. కుటుంబాన్ని అడగమనండి, అడగకపోతే ఒక్కోసారి ఆలస్యమవుతుంది. నా దగ్గర చదువుకునే ఆ అమ్మాయికి తోడుగా వచ్చినావిడ కౌన్సెలింగ్ ఎక్కడ దొరుకుతుందో చెప్పింది, నష్టపరిహారం కాగితాలు దగ్గరుండి రాయించింది. అత్యవసర వైద్యానికి ఆస్పత్రిలో పోలీసు కాగితం తెమ్మనకూడదు. తిండికీ, ప్రయాణాలకూ ఇబ్బందైతే సీడబ్ల్యూసీ సిఫార్సు మీద వారంలోగా కొంత సాయం అందాలి. ఆడపిల్లలకు సాయంగా జిల్లాలోని సఖి కేంద్రం, తెలంగాణలో భరోసా కేంద్రాలు కూడా ఉన్నాయి.

ఇవేవీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. పాప ఎవరో తెలిసేలా చేయడం నేరం.

పాపను వెంటనే హోంకి తీసుకెళ్లిపోతారేమోనన్న భయం మీకూ ఉండొచ్చు, నాకూ ఉండేది. నిందితుడు అదే ఇంట్లో ఉంటే పోలీసులు 24 గంటల్లోగా సీడబ్ల్యూసీకి చెప్పాలి, సమితి 3 రోజుల్లో నిర్ణయించాలి, పాప ఇష్టం కూడా అడగాలి. నా దగ్గర చదువుకునే అమ్మాయి వాళ్ల పిన్ని దగ్గరికి వెళ్లింది. అందుకే ఫోన్‌లో వయసు, చిరునామాతో పాటు, ఆ మనిషి ఆ ఇంట్లోనే ఉంటున్నాడన్న సంగతి ముందు చెప్పండి.