చిన్న పొలంలో కట్టెల కోసం చెట్లు కొట్టడం తప్పా?

రెండెకరాల పొలంలో కాపురం పెట్టబోతున్న ఒకరు, గట్ల మీది చెట్లను పొయ్యి కట్టెల కోసం కొట్టవచ్చా, లేక వాటిని ముట్టుకోకుండా వదిలేయడమే మేలా అని అడిగారు. పదిహేనేళ్లుగా పొలంలోనే ఉంటున్న నా సమాధానం: నిస్సందేహంగా కొట్టవచ్చు. అయితే రంపం పట్టే ముందు కొమ్మ మొదలు ఎలా ఉంటుందో చూడడం నేర్చుకోండి. అది నేర్చుకోకపోవడం వల్ల నేను ఒక పెద్ద చెట్టును పోగొట్టుకున్నాను.

మొదటి సంవత్సరం, పశువుల పాక మీదికి ఒరిగిన లావాటి కొమ్మను తీసేయాలని నిచ్చెన వేసుకుని పైనుంచి ఒకే కోత పెట్టాను. సగం తెగేసరికి కొమ్మ తన బరువుకే విరిగి, మూరెడు పొడవున బెరడును చీల్చుకుంటూ వేలాడింది. దాన్ని తెంచేశాక, మాను నున్నగా కనిపించాలని, మొదట్లో ఉంగరంలా ఉబ్బిన భాగాన్ని కూడా కోసేసి, గాయం మీద దట్టంగా తారు పూశాను. నాలుగో వానాకాలానికి ఆ తారు అంచున గోధుమరంగు పుట్టగొడుగులు అరల్లా మొలిచాయి, గీకేసి ఊరుకున్నాను. ఆరో ఏట ఒక గాలివాన రాత్రి మాను సరిగ్గా ఆ గాయం దగ్గరే విరిగి పాక మీద పడింది. దూడలను ఆ సాయంత్రం వసారాలోకి మార్చి ఉండడం వల్ల అవి దక్కాయి. తెల్లవారి చూస్తే తారు పొర చెక్కుచెదరలేదు గానీ, దాని వెనక కర్ర వేలితో నొక్కితే పొడి అయ్యేంతగా పుచ్చిపోయి ఉంది. ఆ మాను ముందు నిలబడి ఏడ్చాను.

అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేలాది చెట్లను నిలువునా కోసి పరిశీలించి, చెట్టు గాయాన్ని మన చర్మంలా మాన్పుకోదనీ, పుచ్చు పాకకుండా చుట్టూ గోడ కట్టుకుంటుందనీ చూపించారు. కొమ్మ వైపు నుంచి పుచ్చు మానులోకి పాకకుండా అడ్డుకునే గోడ ఏర్పడేది ఆ ఉబ్బు దగ్గరే. కాబట్టి ఉబ్బును వదిలి దాని అంచునే కోయాలి; అలాగని జానెడు మోడును మిగిల్చినా అది ఎండి పుచ్చుకు దారి ఇస్తుంది. బరువైన కొమ్మకైతే ముందు అడుగు భాగాన చిన్న గాటు, ఆ తర్వాత కాస్త అవతలగా పైనుంచి కోత, చివరగా మిగిలిన ముక్కకు అసలు కోత. తారు, రంగు, పేడ వంటివి ఏవీ పూయనక్కరలేదు. ఇంత తెలిసినా ఇప్పటికీ తారు డబ్బాతో వచ్చేవారినీ, ఎత్తు తగ్గిస్తామంటూ చెట్టు తలను అడ్డంగా నరికేవారినీ చూస్తే నాకు కోపం ఆగదు. అలా నరికిన చోట పుట్టే కొమ్మలు పై పొరకే అతుక్కుని ఉండి, బరువెక్కగానే గాలికి ఊడిపడతాయి.

కట్టెల కోసమైతే మోడు నుంచి చిగురించే జాతులనే ఎంచుకోవాలి. దేవదారు, పైన్ వంటి చాలా చెట్లకు ఆ గుణం లేదు. కొత్త చిగురు రాకముందు, నేలకు దగ్గరగా, నీరు నిలవకుండా ఏటవాలుగా కొడితే పాత వేళ్ల బలంతో పిలకలు గుబురుగా వస్తాయి. మూడు నాలుగు బలమైనవి ఉంచి మిగిలినవి మేకలకు వేస్తాను. మళ్లీ కోతకు ఏడేళ్లు పడుతుంది కనుక గట్టు చెట్లను ఏడు భాగాలు చేసి ఏడాదికి ఒక్క భాగమే కొడుతున్నాను. పెరిగినంతే కొట్టాలనే ఈ లెక్కను జర్మనీలోని శాక్సనీ ప్రాంతపు గనుల అధికారి కార్లోవిట్జ్ 1713లోనే రాశారు. గనుల కొలుములకు కర్ర కరువైన కాలం అది.

మిగిలినదంతా రోజువారీ పని. పొద్దున్నే మేతకు రెమ్మలు, మధ్యాహ్నం కట్టెలు చీల్చడం, సాయంత్రం రాలిన ఆకు పశువుల కిందికి. చీల్చిన కట్టెలను నేలకు తగలకుండా, పైన కప్పు, పక్కల గాలి ఉండేలా పేర్చి ఏడాది ఆరనిస్తాను. పచ్చి కట్టె వేడిలో కొంత తన నీటిని ఆవిరి చేయడానికే పోతుంది, ఇల్లంతా పొగ నిండుతుంది.

మీరు ఈ ఏడాది ఏ చెట్టునూ కొట్టకండి. ప్రతి చెట్టుకూ ఒక అంకె వేసి, ఏది మోడు నుంచి చిగురిస్తుందో, ఏది ఎన్నేళ్లకు చేతికొస్తుందో రాసుకోండి. ఈలోగా ఎండి రాలిన కొమ్మలు ఏరుకుంటే పొయ్యికి సరిపోతాయి.