సివిల్ చదివినవాళ్లు టౌన్ ప్లానింగ్‌లోకి, బస్తీల అభివృద్ధి పనిలోకి రావచ్చా? చెన్నై నుంచి నా అనుభవం

మీరు అడిగింది ఇదీ: ఊరు నెల్లూరు, బీటెక్ సివిల్, చెన్నైలో ఒక బిల్డర్ దగ్గర సైట్ ఇంజనీరుగా చేస్తున్నారు. నగర ప్రణాళిక, బస్తీల అభివృద్ధి వైపు రావాలని, ఎప్పటికైనా అలాంటి పనికి ముందుండి నడిపించే స్థాయికి ఎదగాలని ఉంది. ఏం చదవాలి, తమిళం అంతగా రాకపోతే కుదురుతుందా, ఇందులో ఇల్లు గడుస్తుందా?

కుదురుతుంది, గడుస్తుంది కూడా. మాది సూళ్లూరుపేట. నేనూ సివిలే. అన్నా యూనివర్సిటీలో ఎం.ప్లాన్ (ప్లానింగ్‌లో పీజీ) చేసి, కొన్నేళ్లు ఒక కన్సల్టెన్సీలో మ్యాపులు గీశాను. తర్వాత ఉత్తర చెన్నై బస్తీల్లో పనిచేసే ఒక బృందంలో చేరాను, ఇప్పుడు దాన్ని నడుపుతున్నాను. కాబట్టి విన్నది కాకుండా చూసింది చెబుతాను.

చదువు సంగతి ముందు ముగించేస్తాను, అది తేలికైన భాగం. సివిల్ వాళ్లకు ఎం.ప్లాన్‌లో సీటు వస్తుంది. పీజీ సీట్ల కోసం రాసే గేట్ పరీక్షలో ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ అని ఒక పేపర్ ఉంది, సివిల్ పేపర్ స్కోరు తీసుకునే చోట్లూ ఉన్నాయి. మీకు దగ్గర్లో అంటే 2008లో మొదలైన విజయవాడ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్), హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ), ఇక్కడ అన్నా యూనివర్సిటీ. వేరే రాష్ట్రంవాళ్లకు సీట్ల నిబంధనలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, ఫీజు కట్టకముందే చూసుకోండి. మీ ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే వాళ్లకు నాలుగేళ్ల ప్లానింగ్ డిగ్రీ బీ.ప్లాన్ ఉంది, దానికి జేఈఈ మెయిన్‌లో విడిగా పేపర్ ఉంటుంది.

ఇక మనుషుల అవసరం ఎంత ఉందో చూడండి. 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన నివేదిక ప్రకారం రాష్ట్రాల టౌన్ ప్లానింగ్ శాఖలకు 12,000 మందికి పైగా ప్లానర్లు కావాలి. మంజూరైన పోస్టులు 4,000 లోపే, వాటిలోనూ చాలా ఖాళీలు. దేశంలో మూడింట రెండు వంతుల పట్టణాలకు, ఏ నేల దేనికో తేల్చే మాస్టర్ ప్లాన్ అనేదే లేదు. చెన్నై మహానగర ప్రాంతం 1,189 చదరపు కిలోమీటర్ల నుంచి 5,904 చదరపు కిలోమీటర్లకు, అంటే అరక్కోణం దాకా పెరుగుతున్నట్టు 2022లో నోటిఫై చేశారు. 2008లో వచ్చిన రెండో మాస్టర్ ప్లాన్ గడువు 2026తో అయిపోతుంది. దాని తర్వాత 2046 దాకా పనికొచ్చేలా మూడోదాని పని నడుస్తోంది. మీరు చదువు ముగించి వచ్చేసరికి ఇక్కడ పని కొరత ఉండదు.

అయితే మీ ప్రశ్నలో నాకు ముఖ్యంగా కనిపించింది "ముందుండి నడిపించడం" అనే మాట. దాని గురించే ఎక్కువ రాస్తాను.

చెన్నైలో ఏదో ఒక సందు తీసుకోండి. ఆ నేలను దేనికి వాడాలో చెప్పేది సీఎండీఏ, అంటే చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ. రోడ్డు, వాన నీటి కాలువ కార్పొరేషన్‌వి. మంచినీళ్ల పైపు, మురుగు పైపు మెట్రో వాటర్‌వి. స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ ఈబీవి, అంటే కరెంటు వాళ్లవి. ఇళ్లు సర్కారు కట్టించినవైతే అవి అర్బన్ హాబిటాట్ డెవలప్‌మెంట్ బోర్డు కిందికి వస్తాయి. ఇది 1970లో స్లమ్ క్లియరెన్స్ బోర్డుగా మొదలైంది, 2021లో పేరు మారింది. నేల పోరంబోకు అయితే రెవెన్యూ శాఖ కూడా వస్తుంది. 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు అప్పగించదగ్గ 18 పనుల పట్టికలో మొదటిది పట్టణ ప్రణాళికే, కానీ ఇక్కడ మాస్టర్ ప్లాన్ కార్పొరేషన్ చేతిలో లేదు. కాలువలో మురుగు కలుస్తోందంటే అది రెండు ఆఫీసుల పని. కాలువకు అడ్డంగా స్తంభం ఉంటే మూడు. ఎవరి చట్టం వాళ్లది, ఎవరి బడ్జెట్ వాళ్లది. వీళ్లందర్నీ ఒకే సందులో, ఒకే పూట, ఆ సందువాళ్ల ముందు నిలబెట్టి మాట్లాడించగలిగేవాళ్లనే నేను ఈ రంగంలో లీడర్ అంటాను. వాళ్ల హోదా ఏదైనా కావచ్చు. నేను చూసిన మంచి లీడర్లలో ఒకామె స్వయం సహాయక బృందం నుంచి వచ్చింది, ఒకాయన జూనియర్ ఇంజనీరు.

ఒక సంగతి దగ్గరగా చెబుతాను. ఉత్తర చెన్నైలో పారిశుద్ధ్య కార్మికులు ఉండే ఒక పాత బస్తీ. చాలా కుటుంబాలు మూడు నాలుగు తరాల కిందట నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి వచ్చినవే. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, పిల్లలకు చదవడం రాయడం తమిళంలోనే. సందులు వెడల్పు చేసి, వాన కాలువ వేసి, మధ్యలో ఉన్న ఖాళీ జాగాలో కంచె వేసి పార్కు పెట్టాలని ప్లాన్. రంగుల డ్రాయింగ్ తీసుకెళ్లి గోడకు అంటించాం. అందరూ చూసి తలలూపారు. ఒక పెద్దమ్మ మాత్రం ఎర్ర గీత మీద వేలు పెట్టి, "ఏమ్మా, ఈ గీత మా ఇంటిమీదేనా పొయ్యేది?" అని అడిగింది. ఆమె వేలు ఉన్నది వాళ్ల ఇంటి మీద కాదు, రెండు వీధుల అవతల. అంతసేపూ తన ఇల్లు పోతుందనే అనుకుంటూ, ఆ భయం బయటికి చెప్పకుండా నిలబడింది.

మా బృందంలో ఒకమ్మాయి అప్పటికప్పుడు ముగ్గుపిండి తెమ్మంది. లారీ నీళ్లు పట్టుకోవడం అయిపోయి, ఇంకా రాత్రి వంటకు పోని సమయం అది. పెద్ద వీధి ఒక్కటే మేం గీశాం. ఆ తర్వాత డబ్బా ఆడవాళ్ల చేతుల్లోకి పోయింది. ఎవరి ఇల్లు వాళ్లు గీసుకున్నారు. చేతిపంపు, ట్రాన్స్‌ఫార్మర్, రేషన్ షాపు, లైటు లేక చీకటి పడ్డాక ఆడపిల్లలు తిరగని మూల, అన్నీ వచ్చాయి. ఖాళీ జాగా దగ్గరికి వచ్చేసరికి అందరూ ఒక్కసారే మాట్లాడారు. పెళ్లయినా చావయినా షామియానా వేసేది అక్కడే. పార్కు అని కంచె వేసి సాయంత్రం ఆరింటికి తాళం పెడితే శవాన్ని ఎక్కడ దించాలని అడిగారు. వాన నీళ్లు ఎటునుంచి వస్తాయో కూడా గీసి చూపించారు. మా డ్రాయింగ్‌లో కాలువ తూర్పు వైపు ఉంది. నీళ్లు వెనక రైల్వే గోడ కింద నుంచి వస్తాయని, ఏ ఇంట్లో ఏ మెట్టు దాకా వస్తాయో మెట్టు మెట్టుకూ చెప్పారు. తర్వాత ఇంజనీర్లు నేల ఎత్తుపల్లాలు కొలిచే ఆటో లెవెల్ పెట్టి చూస్తే వాళ్లు చెప్పినట్టే గోడ వైపు నేల పల్లంగా ఉంది. కాలువ దారి మారింది. ఖాళీ జాగాకు కంచె రాలేదు, రాళ్లు పరిచి రెండు చెట్లు, లైట్లు పెట్టారు. పట్టాలు మాత్రం ఈ రోజుకీ రాలేదు. ఆ నేల రికార్డుల్లో ఇంకా పోరంబోకే. అది సందులో కూర్చుని తేల్చగలిగే విషయం కాదు, దాని కోసం ఇంకా తిరుగుతూనే ఉన్నాం. పాతికేళ్లుగా ఊరి చెత్త ఎత్తి, చేతిలో పట్టా లేకుండా రిటైరయ్యే మనిషిని చూస్తే నాకు ఇప్పటికీ రాత్రి నిద్ర పట్టదు.

ఇలాంటి మీటింగు నడపడం ఏ కాలేజీలోనూ గట్టిగా నేర్పరు. నేను పట్టుకున్నవి కొన్ని చెబుతాను. పగలు పదకొండింటికి పెడితే పనికి పోయేవాళ్లు ఎవరూ రారు, ఇంటి దగ్గరుండే మగవాళ్లు నలుగురు వచ్చి అందరి తరఫునా మాట్లాడేస్తారు. ఆడవాళ్లతో విడిగా ఒకసారి కూర్చోవాలి. కౌన్సిలర్‌ను పిలవాలి, ఎన్నికైన మనిషిని పక్కన పెట్టి చేసిన పని నిలవదు. అయితే ఆయన వచ్చేలోపే ఒకసారి జనంతో మాట్లాడి ఉండాలి. లేకపోతే అందరూ ఆయన ముఖం చూసి మాట్లాడతారు. వెళ్లిపోయే ముందు రాసుకున్నది అక్కడే పైకి చదివి వినిపించాలి. అన్నిటికంటే ముఖ్యం, కుదరదని తేలిన విషయాన్ని కూడా తిరిగి వెళ్లి చెప్పాలి. "వచ్చారు, రాసుకున్నారు, పోయారు" అన్న పేరు ఒక్కసారి పడిందంటే ఆ బస్తీలో మీ తర్వాత వచ్చేవాళ్లకు కూడా తలుపు తెరుచుకోదు.

చట్టం తెలిసి ఉండడం కూడా ఇందులో భాగమే. తమిళనాడు టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం 1971 నాటిది. దాని ప్రకారం మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద అభ్యంతరాలు చెప్పడానికి కనీసం రెండు నెలలు ఇవ్వాలి. గెజిట్‌లో, పేపర్లో ప్రకటన వస్తుంది. గెజిట్ ఎవరు చదువుతారు? ఆ రెండు నెలల్లో మీరు ఎన్ని వీధులకు ఆ ముసాయిదాను అర్థమయ్యే మాటల్లో తీసుకెళ్లారన్నదాని మీదే అంతా ఉంటుంది. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. దాని కింద వేసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఎన్నుకున్నవాళ్లు ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. పూలమ్మే ఆమెకు ఆ సంగతి తెలియాలంటే ఎవరో ఒకరు ఆమె బుట్ట పక్కన కూర్చుని చెప్పాలి.

మీ ఇప్పటి ఉద్యోగాన్ని తక్కువగా చూడకండి. ఓఎస్ఆర్ (ఓపెన్ స్పేస్ రిజర్వేషన్, అంటే ఖాళీగా వదలాల్సిన నేల) అనే మాట మీ ఆఫీసులో రోజూ వింటూ ఉంటారు. 10,000 చదరపు మీటర్లు దాటిన స్థలమైతే పది శాతం నేలను పార్కు కోసం స్థానిక సంస్థకు ఉచితంగా రాసివ్వాలి. ఈసారి డ్రాయింగ్ చేతికొచ్చినప్పుడు ఆ పది శాతం ఎక్కడ పెట్టారో చూడండి. రోడ్డు మీద నుంచి చుట్టుపక్కల పిల్లలు నడిచి రాగలరా, లేక కాంపౌండ్ వెనక మూలలో పడిందా? ఈ చూపు బిల్డర్ వైపు నుంచి పనిచేసినవాళ్లకు ఉన్నంతగా నేరుగా ప్లానింగ్‌లోకి వచ్చినవాళ్లకు ఉండదు. నా బృందంలోకి అలాంటివాళ్లు వస్తే నాకు సంతోషం.

ఈ పనిలో నిర్ణయాలు ఎంతకాలం నిలుస్తాయో టీనగర్‌లో నడిస్తే తెలుస్తుంది. 1920 నాటి టౌన్ ప్లానింగ్ చట్టం వచ్చాక, లాంగ్ ట్యాంక్ అనే పెద్ద చెరువు నేలలో వేసిన పేట అది. త్యాగరాయ నగర్ అన్న పేరులోని పిట్టి త్యాగరాయ చెట్టి, పానగల్ పార్కు పేరులోని పానగల్ రాజా ఇద్దరూ మన తెలుగువాళ్లే. పార్కు మధ్యలో పెట్టి చుట్టూ వీధులు తీర్చిన తీరు నాకు చాలా ఇష్టం. అదే పేటలో గట్టి వాన పడితే మోకాళ్ల లోతు నీళ్లు నిలుస్తాయి. వందేళ్ల కిందట తీసుకున్న రెండు నిర్ణయాలు, రెండూ ఇంకా పనిచేస్తున్నాయి.

తమిళం సంగతి. మాట్లాడడం ఒక్కటీ చాలదు, చదవడం రావాలి. పట్టా, చిట్టా, అడంగల్, టౌన్ సర్వే రిజిస్టర్, ఈ భూమి రికార్డులన్నీ తమిళంలోనే ఉంటాయి. టీఎన్‌పీఎస్‌సీ (తమిళనాడు పబ్లిక్ సర్వీస్ కమిషన్) ద్వారా టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ శాఖలోకి పోవాలనుకుంటే తమిళం పేపర్ పాసవ్వాలి. నేను బస్సు బోర్డులు, సినిమా పోస్టర్లతో మొదలుపెట్టి నేర్చుకున్నాను. మీరు నెల్లూరువాళ్లు, చెవికి తమిళం కొత్త కాదు, అక్షరాలు వచ్చేస్తే మిగతాది వస్తుంది. మన తెలుగు కూడా ఇక్కడ చాలాచోట్ల పనికొస్తుంది. తమిళంలో "సరి సార్" అని ఊరుకునే ముసలివాళ్లు తెలుగులో అడిగితే ఇంటి గొడవలు కూడా చెబుతారు.

డబ్బు గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. ఐటీలో ఉన్న మీ స్నేహితుల జీతంతో పోలిస్తే మొదటి అయిదారేళ్లు కష్టంగానే ఉంటుంది. కన్సల్టెన్సీల్లో, ప్రాజెక్టుల్లో ఎక్కువ ఉద్యోగాలు కాంట్రాక్టు మీదే. ప్రాజెక్టు ముగిస్తే ఇంకోటి వెతుక్కోవాలి. ఇంటి లోను ఉంటే టెన్షన్ తప్పదు. అనుభవం పెరిగి, బస్తీలోనూ ఆఫీసులోనూ మాట చెల్లే మనిషి అన్న పేరు వచ్చాక పరిస్థితి మారుతుంది. అలాంటివాళ్లు చాలా తక్కువమంది, వాళ్లను వెతుక్కుంటూ వస్తారు. ప్రభుత్వోద్యోగమే కావాలంటే ఆంధ్రాలో మున్సిపల్ టౌన్ ప్లానింగ్ పోస్టులూ ఉన్నాయి. పట్టణ పేదల కోసం ఉన్న ప్రభుత్వ సంస్థ మెప్మాలో మహిళా సంఘాల సమాఖ్యలతో చేసే పని నేర్చుకోవడానికి చాలా మంచిది.

ఉద్యోగం ఇప్పుడే మానేయకండి. గేట్‌కు చదువుతూనే మీరుండే వార్డులో, జనం తమ సమస్యలు చెప్పుకునే ఏరియా సభ ఎప్పుడు పెడతారో వార్డు ఆఫీసులో అడగండి, ఒకసారి వెళ్లి వెనక వరుసలో కూర్చుని ఎవరు మాట్లాడుతున్నారో, ఎవరు మాట్లాడడం లేదో చూడండి. ఆదివారాలు ఒక్క సందును తీసుకుని, పైన చెప్పిన ఆఫీసుల్లో ఏది ఎవరిదో మీ చేత్తో గీయండి. అక్కడి మనుషులకు చూపించి సరిచేయమని అడగండి. సీటు వచ్చి ఎం.ప్లాన్‌లో చేరితే ఆ గీసినదే థీసిస్‌కు మొదలవుతుంది, ఇంటర్వ్యూలో నేను మొదట అడిగేదీ అలాంటి కాగితమే.