తిక్వా అంటే తాడు కూడా

ప్రశ్న: అక్కా, నేను అష్కెలోన్‌లో 88 ఏళ్ళ పెద్దాయనకు కేర్‌గివర్‌గా చేస్తున్నాను. 2023 అక్టోబరు నుంచి సైరన్ మోగినప్పుడల్లా ఆయన్ని వీల్‌చెయిర్‌లో మమాద్‌లోకి (ఇంట్లోనే ఉండే రక్షణ గది) తోసుకుపోవడం, ఇనుప తలుపు బిగించడం నాకు అలవాటైపోయింది. లోపల కూర్చున్నంతసేపూ ఆయన ప్రార్థన చేస్తారు. చివర్లో శాంతి, శాంతి అంటారు. బయటికొచ్చి టీవీ పెట్టగానే శత్రువుల్ని నోటికొచ్చినట్టు తిడతారు. అసలు వీళ్ళ ఆశ ఏమిటక్కా? శత్రువులు నాశనమవాలనా, వాళ్ళతో కలిసి బతకాలనా? ఇంకో చిన్న ప్రశ్న: హీబ్రూ కూడబలుక్కుని చదవగలను. ఆయనకు ఏదైనా చదివి వినిపించమంటావా?
(ఒక చెల్లి, అష్కెలోన్)

జవాబు: చెల్లీ, నీ ఉత్తరం చదువుతుంటే హైఫాలో నేను గడిపిన తొమ్మిదేళ్ళు కళ్ళ ముందు తిరిగాయి. నేను చూసుకున్న సవ్తా (హీబ్రూలో నానమ్మ, అమ్మమ్మ అని) కూడా ఇంతే. ప్రార్థనా ఆవిడ నోటే, తిట్టూ ఆవిడ నోటే. అందుకని ముందు ఆవిడ గురించి చెబుతాను.

సవ్తా పుట్టింది బాగ్దాద్‌లో. 1941 జూన్ 1, 2 తేదీల్లో, సరిగ్గా షావువోత్ పండగప్పుడు, అక్కడ యూదుల ఇళ్ళ మీద పడి దోచుకున్నారు, దొరికినవాళ్ళను చంపారు. దాన్ని ఫర్హూద్ అంటారు. సవ్తాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. పక్కింటి ముస్లిం ఆవిడ ఈ పిల్లలందర్నీ తన ఇంట్లోకి లాక్కుని పరుపుల దొంతర వెనక కూర్చోబెట్టిందట. ఆమె భర్త గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని రెండు రోజులూ అక్కడే ఉన్నాడట. పదేళ్ళకు, 1951లో, సవ్తా వాళ్ళు విమానమెక్కి ఇజ్రాయెల్ వచ్చేశారు. ఆ ఏడాదీ అంతకు ముందు ఏడాదీ కలిపి ఇరాక్ వదిలి వచ్చిన యూదులు దాదాపు లక్షా 20 వేల మంది. ఇల్లూ వాకిలీ అక్కడే పోయాయి. ఇక్కడ మొదట డేరాల్లో బతికారు. 1991 జనవరిలో అదే ఇరాక్ నుంచి స్కడ్ క్షిపణులు వచ్చి హైఫాలో పడ్డాయి. కిటికీ సందులకు టేపు అంటించిన గదిలో, ముఖానికి గ్యాస్ మాస్క్‌తో కూర్చున్న ఆ రాత్రి గురించి ఆవిడ చెప్పినదాన్ని మన మాటల్లో చెప్పాలంటే, పుట్టింటి వాళ్ళే రాళ్ళేసినట్టు అనిపించిందట.

నేను వెళ్ళింది 2006లో. ఆ జులైలోనే లెబనాన్ నుంచి హిజ్బుల్లా రాకెట్లు మొదలయ్యాయి. మాది పాత బిల్డింగు, మమాద్ లేదు. సైరన్ మోగితే అందరం మెట్ల దగ్గరికి చేరేవాళ్ళం. కింది వాటాలో ఒక అరబ్ కుటుంబం ఉండేది. ఆ ఇంటావిడకు అప్పుడు ఏడో నెల. ఒకసారి చప్పుడు బాగా దగ్గర్లో వినపడి ఆమె వణికిపోతుంటే, సవ్తా పక్కన కూర్చుని ఆమె రెండు చేతులూ ఒళ్ళోకి తీసుకుంది. బాగ్దాద్ అరబ్బీలో ఏదో చెబుతూనే ఉంది. ఆ యాస ఆమెకు సగమే అర్థమయ్యేదనుకుంటాను. అయినా ఊపిరి కుదుటపడింది.

అందరూ ఇళ్ళలోకి వెళ్ళిపోయాక, ఆ మెట్ల మీదే, సవ్తా నాకు తిక్వా అనే మాట చెప్పింది. ఆశ అని అర్థం. ఇజ్రాయెల్ జాతీయగీతం పేరు హతిక్వా, ‘ఆ ఆశ’ అని. 'మా ఆశ ఇంకా చావలేదు' అనే అందులోని మాట బైబిల్లో యెహెజ్కేలు 37వ అధ్యాయానికి జవాబు. అక్కడ చెరలో ఉన్నవాళ్ళు 'మా ఆశ పోయింది' అంటారు. ఇంతవరకు నాకూ తెలుసు. తెలియనిది సవ్తా చెప్పింది: తిక్వా అంటే తాడు కూడా. యెహోషువ 2వ అధ్యాయంలో రాహాబు తన కిటికీకి కట్టిన ఎర్రని తాడుకు వాడిన మాట అదేనట.

రాహాబు ఎవరు చెల్లీ? యెరికో మనిషి, శత్రువుల ఊరిది. ఇశ్రాయేలు వేగుల్ని ఇంటిమీద దాచి, కిటికీలోంచి దింపి, ప్రాణాలు కాపాడింది ఆమే. యెరికోలో మిగతావాళ్ళు బతకలేదు, అదీ చెప్పాలి. కానీ ఆశ అనే మాట ఆ కథలో వేలాడుతున్నది శత్రువు ఇంటి కిటికీకి. సవ్తాకు పరుపుల దొంతర ఎప్పుడూ గుర్తుండేది కాబట్టే ఆ మాట నాకు అలా చెప్పగలిగిందని నా నమ్మకం.

ఇక నీ ప్రశ్న. యెషయా 19వ అధ్యాయం తియ్యి. మొదలంతా ఐగుప్తు (ఈజిప్టు) మీద శాపనార్థాలే. చివరికి వచ్చేసరికి ఐగుప్తు నుంచి అష్షూరుకు రాజమార్గం పడుతుందనీ, ఐగుప్తు నా జనం, అష్షూరు నా చేతి పని, ఇశ్రాయేలు నా స్వాస్థ్యం (సొత్తు) అని దేవుడు ముగ్గుర్నీ దీవిస్తాడనీ ఉంటుంది. అష్షూరు అంటే ఆ కాలంలో ఎవరనుకున్నావు? క్రీ.పూ. 722 ప్రాంతంలో ఇశ్రాయేలీయుల ఉత్తర రాజ్యాన్ని తుడిచిపెట్టి, 701లో యెరూషలేము గోడల దాకా వచ్చినవాళ్ళు. వాళ్ళు ఇశ్రాయేలీయులుగా మారిపోతారని గానీ, లేకుండా పోతారని గానీ అక్కడ లేదు. వాళ్ళ పేరు వాళ్ళదే, వాళ్ళ దేశం వాళ్ళదే. ఆ ఆశలో శత్రువు బతికే ఉంటాడు, రోడ్డు మీద ఎదురొస్తాడు. నీ పెద్దాయన మమాద్‌లో అనే శాంతి ఆ వరసలోది.

మరి తిట్లు? అవీ నిజమే. సవ్తా తమ్ముడు 1973 యుద్ధంలో సీనాయిలో పోయాడు. ఆ అక్టోబరు 6 యోమ్ కిప్పూర్, యూదుల ప్రాయశ్చిత్త దినం, జనమంతా ఉపవాసం. మధ్యాహ్నం రెండింటికి ఈజిప్టు, సిరియా సేనలు ఒకేసారి విరుచుకుపడ్డాయి. ఏటా ఆ మధ్యాహ్నపు ప్రార్థనలో చదివేది యోనా గ్రంథం. శత్రువుల నగరం నీనెవె మనసు మార్చుకుని బతికిపోతుంది, అది ఆ ఊరిని హెచ్చరించడానికి వెళ్ళిన ప్రవక్త యోనాకే మింగుడుపడదు. నీనెవె ఉన్నది ఇరాక్‌లోనే, మోసుల్ దగ్గర.

నాలుగేళ్ళకు, 1977 నవంబరు 19 శనివారం, సబ్బాతు ముగిశాక, ఆ యుద్ధానికి దిగిన ఈజిప్టు అధ్యక్షుడు సాదాతే ఇజ్రాయెల్‌లో విమానం దిగాడు. యుద్ధకాలపు ప్రధాని గోల్డా మేయర్, అప్పుడే మనవరాలు పుట్టిన ఆయనకు ఒక నానమ్మగా బహుమతి ఇచ్చింది. సవ్తా టీవీ చూడలేక వంటింట్లోకి వెళ్ళిపోయిందట. విమానం తలుపు తెరుచుకునే వేళకు వచ్చి గడప దగ్గర నిలబడిందట. "క్షమించావా సవ్తా?" అని అడిగాను. "లేదు. కానీ మా అన్న కొడుకు సైన్యంలో చేరాల్సిన ఏడాది అది. వాడి కోసం నిలబడ్డాను" అంది. 1979 మార్చి 26న ఒప్పందం అయింది. 1982 ఏప్రిల్ నాటికి ఆమె తమ్ముడు పోయిన ఆ సీనాయిని ఇజ్రాయెల్ తిరిగి ఇచ్చేసింది. సవ్తా దాన్ని ఒక్కసారి కూడా తప్పనలేదు. సాదాత్‌ను మాత్రం ఏళ్ళ తర్వాత కూడా తిట్టేది.

ప్రశ్న: 137వ కీర్తన చివర బబులోను పసిపిల్లల్ని బండకు కొట్టేవాడు ధన్యుడని ఉంది. గాజా యుద్ధం చూశాక, రాజీ మాటలు పుస్తకాల్లో ఉండాల్సిందే అనిపిస్తోంది. మీరేమంటారు?
(ఒక పాఠకుడు)

జవాబు: ఆ వచనం ఉంది, దాన్ని కప్పిపెట్టను. ఊరు తగలబడటం చూసినవాడి కేక అది. అయితే అదే బబులోనులో చెరలో ఉన్నవాళ్ళకే యిర్మీయా ఉత్తరం రాశాడు (29వ అధ్యాయం): ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని. చాలామంది ఆ రెండో మాట పట్టుకునే అక్కడ బతికారు. యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథం, బబులోను తల్మూదు, పుట్టింది ఆ గడ్డ మీదే, అంటే ఇప్పటి ఇరాక్‌లో. మా సవ్తా పూర్వీకులు దాదాపు 2,500 ఏళ్ళు అక్కడే ఉన్నారు.

ఇప్పటి సంగతి. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో దాదాపు 1,200 మందిని చంపారు, 251 మందిని గాజాకు పట్టుకుపోయారు. ఆ తర్వాత గాజాలో పోయిన ప్రాణాలు పదుల వేలల్లో ఉన్నాయి, వాళ్ళలో పిల్లలు ఎందరో. ఇది రాస్తుంటే నా చెయ్యి బరువెక్కుతోంది. అయినా మీ మాట నేను ఒప్పుకోలేను. నీర్ ఓజ్ కిబ్బుట్జ్ (సమష్టి గ్రామం) నుంచి ఎత్తుకుపోయిన యోఖెవెద్ లిఫ్షిట్జ్‌కు 85 ఏళ్ళు. అక్టోబరు 23 రాత్రి విడిచిపెట్టినప్పుడు ఆమె వెనక్కి తిరిగి, ముసుగు వేసుకున్నవాడి చెయ్యి పట్టుకుని 'షాలోమ్' అంది. నరకం చూశానని చెప్పిందీ ఆమే. ఆ కరచాలనానికి ఇజ్రాయెల్‌లో ఎంతోమంది కోప్పడ్డారు. ఆమె భర్త ఓదెద్, గాజా రోగుల్ని తన కారులో ఇజ్రాయెల్ ఆసుపత్రులకు తీసుకెళ్ళిన మనిషి, చెరలోనే చంపబడ్డాడు. 2025 ఫిబ్రవరిలో ఆయన శవం వచ్చింది. వీళ్ళిద్దరూ పుస్తకాల్లో మనుషులు కారు కదండీ.

ఇంకొకటి. 1997 మార్చిలో ఒక జోర్డాన్ సైనికుడు ఏడుగురు ఇజ్రాయెలీ బడిపిల్లల్ని కాల్చి చంపాడు. మూడు రోజులకు జోర్డాన్ రాజు హుస్సేన్ స్వయంగా బెత్ షెమెష్ వచ్చి, ఆ తల్లిదండ్రులు సంతాపంలో నేలకు దగ్గరగా కూర్చుని ఉంటే, వాళ్ళ ముందు మోకాళ్ళూనాడు. 1967లో ఇజ్రాయెల్‌తో యుద్ధం చేసిన రాజు ఆయన. ఈజిప్టుతో, జోర్డాన్‌తో ఇజ్రాయెల్ చేసుకున్న శాంతి ఒప్పందాలు గాజా యుద్ధంలో కూడా తెగలేదు. వాటికి మూల్యం చెల్లించారు. 1981లో సాదాత్‌ను, 1995లో ఇజ్రాయెల్ ప్రధాని రాబిన్‌ను చంపింది సొంత మనుషులే.

అష్కెలోన్ చెల్లి రెండో ప్రశ్నకు: సైరన్ మోగిన రాత్రి వద్దు. శుక్రవారం దీపాలు వెలిగించాక, టీవీ ఆగి ఉన్నప్పుడు, యెషయా 19లో 23 నుంచి 25 దాకా మూడు వచనాలు చదువు. యుద్ధంలో చదవదగ్గది ఇంకోటి యిర్మీయా 32. యెరూషలేమును బబులోను ముట్టడించి ఉంది, యిర్మీయా చెరసాల ఆవరణలో ఉన్నాడు, అయినా అనాతోతులో బంధువు పొలాన్ని 17 తులాల వెండి తూచి కొన్నాడు. పత్రాలు మట్టికుండలో పెట్టించాడు. అది పెద్దది, ఇంకో శుక్రవారానికి ఉంచు. మొదటిదానిలో 'బారూఖ్ అమ్మీ మిత్స్‌రాయిమ్' (నా జనమైన ఐగుప్తుకు దీవెన) అనే మాట దగ్గర నెమ్మదిగా వెళ్ళు. నువ్వు తప్పు పలికితే పెద్దాయనే దిద్దుతారు. దిద్దనివ్వు. మళ్ళీ మళ్ళీ చెప్పించుకో.