వాటర్ ఫుట్‌ప్రింట్ రంగం: సర్టిఫికెట్ చాలా, ఎం.టెక్ కావాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సివిల్ ఫైనలియర్. కంపెనీలు వాడే నీటిని లెక్కగట్టి తనిఖీ చేసే పనిలోకి వెళ్తానంటోంది. ఎన్విరాన్‌మెంటల్ ఎం.టెక్ చేయించాలా, ఆన్‌లైన్ ఈఎస్‌జీ (కంపెనీల పర్యావరణ, సామాజిక, పాలన బాధ్యతలు) సర్టిఫికెట్ సరిపోతుందా? ఫ్యాక్టరీల చుట్టూ తిరిగే పని ఆడపిల్లకి ఎందుకని ఇంట్లో టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: కోర్సు గురించి అడిగారు గానీ, ఈ దారిలో పిల్ల స్థిరపడుతుందా అన్నదే మీ బెంగ. చాలామంది తల్లిదండ్రులు అడిగేదీ ఇదే. స్థిరపడుతుందండీ. ఒక వస్తువుకో, కంపెనీకో మొదటి నుంచి చివరిదాకా ఎన్ని నీళ్లు ఖర్చవుతాయో చెప్పే లెక్కే వాటర్ ఫుట్‌ప్రింట్. దీనికి 2002లో నెదర్లాండ్స్‌లో ఆర్యెన్ హోక్‌స్ట్రా అనే నీటి శాస్త్రవేత్త రూపమిచ్చారు. 2014లో దీనికి ఐఎస్ఓ 14046 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. మన దగ్గర షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2023లో బీఆర్‌ఎస్‌ఆర్ కోర్ తెచ్చింది. అంటే పర్యావరణ, సామాజిక బాధ్యతలపై కంపెనీలు చూపాల్సిన ముఖ్యమైన లెక్కల జాబితా. అందులో వాటర్ ఫుట్‌ప్రింట్ ఒక అంశం. పెద్ద లిస్టెడ్ కంపెనీలు ఆ అంకెల్ని బయటివాళ్లకు చూపించి సరిచూపించుకోవాలి. సరిచూసేవాళ్లు అదే కంపెనీకి సలహాదారులుగా ఉండకూడదు. అంటే ఈ పనికి మనుషులు కావాల్సిందే.

సర్టిఫికెట్ కోర్సుల మీద మాత్రం నాకు నమ్మకం తక్కువ. రిపోర్టు ఎలా నింపాలో చెబుతారు, అందులోని అంకె నిజమో కాదో పట్టుకోవడం చాలా కోర్సుల్లో నేర్పరు. అసలు పనంతా అక్కడే ఉంది. బోరు మీటరు ఒక అంకె చూపిస్తుంది. దాని కాలిబ్రేషన్ (మీటరు సరిగ్గా చూపిస్తోందో లేదో పరీక్షించడం) గడువు దాటిందా? మోటారు నడిచిన గంటల్ని పంపు సామర్థ్యంతో గుణిస్తే లాగ్‌బుక్కులో రాసినదానికి దగ్గరగా వస్తోందా? వేసవిలో తెప్పించిన ట్యాంకర్ల బిల్లులు లెక్కలో కలిశాయా? ఆ పైన, నీళ్లు ఎక్కడివన్నది చూడాలి. కోనసీమ కాలువలోని లీటరూ అనంతపురం బోరులోని లీటరూ ఒకటి కావు, ఎద్దడిని బట్టి లెక్కలో వాటికిచ్చే విలువ మారుతుంది. బట్టల కంపెనీ అయితే ఎక్కువ నీళ్లు పత్తి చేలోనే ఖర్చవుతాయి. అందులో వాన నీళ్లెంత, తోడిన నీళ్లెంత అని తేల్చాలంటే హైడ్రాలజీ (నీటి శాస్త్రం) రావాలి. అందుకే ఎం.టెక్ అంటున్నాను. గేట్‌తో సీటొస్తే స్టయిపెండ్ ఉంటుంది, అప్పు చేసి కొనే సర్టిఫికెట్ కంటే నయం. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ వాళ్లంత ఉండకపోవచ్చు, దానికి సిద్ధపడండి.

ఇక "ఆడపిల్లకి ఎందుకు" అన్నమాట. సివిల్‌లో చేర్పించిందీ మీరే కదా! సర్వే క్యాంపులో ఎండలో నిలబడినప్పుడు రాని అనుమానం, ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి వచ్చిందా? తనకు ఏ సబ్జెక్టంటే ఇష్టమో మీరు ఒక్క ముక్కా రాయలేదు. ముందు అది అడగండి. మీ భయం పిల్ల ధైర్యానికి అడ్డం పడకూడదు.

ఈ సెలవుల్లో ఏదైనా ఫ్యాక్టరీ మురుగునీటి శుద్ధి ప్లాంటులో నెల రోజుల ఇంటర్న్‌షిప్ చూసుకోమనండి. ఆ వాసన, ఆ రిజిస్టర్లు, ఆ మీటర్లు దగ్గరగా చూశాక కూడా ఇదే కావాలంటే, గేట్ ఫీజు కట్టేయండి.