పాత బోర్డుకు కొత్త కార్డు: 5060 మేలా, 9060 ఎక్స్‌టీ మేలా?

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి కొర్లగుంట. బీటెక్ మూడో సంవత్సరం. నా పీసీలో ఐ5-10400ఎఫ్ ప్రాసెసర్, బీ460 బోర్డు, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. మానిటర్ 24 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ, 144 హెర్ట్జ్. ఇంటర్న్‌షిప్‌లో వచ్చిన డబ్బు దాచుకున్నాను, దాంతో కార్డు మారుద్దామని. ఫ్రెండ్స్ అందరూ ఎన్విడియా వాళ్ల ఆర్‌టీఎక్స్ 5060 అంటున్నారు. షాపాయన ఏఎండీ వాళ్ల ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ చూపించాడు, దానికి ఆరేడు వేలు ఎక్కువ. సైబర్‌పంక్ 2077, హాగ్వార్ట్స్ లెగసీ లాంటివి ఆడతాను. రాత్రిళ్లు ఫ్రెండ్స్‌తో వాలరెంట్. ఒకసారి కొంటే మూడు నాలుగేళ్లు మళ్లీ ఖర్చు పెట్టలేను. ఒకటే టెన్షన్‌గా ఉంది, ఏది తీసుకోమంటారు?

జవాబు: తమ్ముడూ, నీ పీసీకైతే 9060 ఎక్స్‌టీ 16 జీబీ తీసుకో. ‘నీ పీసీకైతే’ అని ఎందుకంటున్నానంటే, కొత్త బోర్డు ఉన్నవాళ్లు ఇదే అడిగితే ఇంత గట్టిగా చెప్పను. నేను కార్డులు అమ్మను, రిపేర్లు చేస్తాను. నువ్వు ఏది కొన్నా నాకు వచ్చేదీ పోయేదీ లేదు.

నీ ఫ్రెండ్స్ చూసిన వీడియోల్లో రెండు కార్డులనూ సరికొత్త ప్రాసెసర్ మీద పెట్టి నడుపుతారు. నీది పదో తరం ఐ5. అందులో ఉన్నది పీసీఐఈ 3.0, అంటే కార్డుకూ బోర్డుకూ మధ్య డేటా నడిచే దారి, పాత తరంది. ఇక్కడే రెండు కార్డుల దారులు వేరవుతాయి. 5060 బోర్డుతో మాట్లాడేది ఆ దారిలోని 8 లేన్ల (వరుసల) మీదే. నీ బోర్డులో ఆ 8 లేన్లకు సెకనుకు దాదాపు 8 జీబీ మాత్రమే వెళ్తుంది. కార్డు మీదున్న సొంత మెమరీ వేగం సెకనుకు 448 జీబీ. గేమ్‌కు కావాల్సిందంతా కార్డులోని 8 జీబీలో పట్టినంత సేపు ఏ ఇబ్బందీ రాదు. పట్టకపోతే మిగిలింది పీసీ ర్యామ్‌లో కూర్చుంటుంది. కావాల్సినప్పుడల్లా ఆ ఇరుకు దారిలోంచే రావాలి. అప్పుడు గేమ్ ఉన్నట్టుండి జర్క్ ఇస్తుంది. సగటు ఫ్రేములు (సెకనుకు తెర మీద మారే బొమ్మలు) చూస్తే బాగానే ఉంటాయి, ఆడేవాడికే తెలుస్తుంది ఆ బాధ.

9060 ఎక్స్‌టీకి 16 లేన్లు ఉన్నాయి. నీ పాత బోర్డులో కూడా దానికి రెట్టింపు దారి దొరుకుతుంది. పైగా మెమరీ 16 జీబీ కాబట్టి ఫుల్ హెచ్‌డీలో ఆ దారిని అంతగా వాడాల్సిన పనే పడదు. నువ్వు ఆడే హాగ్వార్ట్స్ లెగసీనే చూడు. అది 2023లో వచ్చింది. రే ట్రేసింగ్ (వెలుగు, నీడలను నిజంలా చూపేది) పెట్టి సెట్టింగ్స్ అల్ట్రాకు పెంచితే అప్పుడే 8 జీబీ కార్డులు ఆయాసపడ్డాయి. మెమరీ చాలకపోతే గోడలు, బట్టల టెక్స్చర్లు మసకబారిపోయేవి. మూడు నాలుగేళ్లు ముట్టుకోనంటున్నావు కదా, రాబోయే గేమ్స్ ఇంకా ఎక్కువే అడుగుతాయి. సెట్టింగ్స్ తగ్గించుకుని ఆడొచ్చు, నిజమే. కానీ కొత్త కార్డు కొన్న ఏడాదికే టెక్స్చర్లు మీడియంకు దించుకోవడం నాకైతే మనసొప్పదు.

ఎన్విడియాను తక్కువ చేయడం లేదు. చిన్న బొమ్మను పెద్దది చేసి ఫ్రేములు పెంచే వాళ్ల డీఎల్‌ఎస్‌ఎస్ నిజంగా గొప్ప పనితనం, అది ఉన్న గేమ్స్ కూడా ఎక్కువ. ఏఎండీ వాళ్ల ఎఫ్‌ఎస్‌ఆర్ 4 బొమ్మ నాణ్యతలో బాగా దగ్గరికొచ్చింది కానీ అది ఉన్న గేమ్స్ తక్కువ. సైబర్‌పంక్‌లో పాత్ ట్రేసింగ్ (రే ట్రేసింగ్‌లోనే ఇంకా బరువైనది) కూడా ఎన్విడియా మీదే బాగుంటుంది. అయితే ఆ పాత్ ట్రేసింగ్ వేస్తే 8 జీబీ చాలదు. మధ్యలో అదనపు ఫ్రేములు పుట్టించే ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేస్తే అది కూడా మెమరీ తింటుంది. చేతికి సౌకర్యంగా ఉండాలంటే అంతకుముందే 60 ఫ్రేముల దాకా వస్తుండాలి. బాక్స్ మీద గొప్పగా వేసుకున్న సౌకర్యాలను పూర్తిగా వాడుకోవడానికే 5060లో చోటు తక్కువ. అదే నా అభ్యంతరం.

వాలరెంట్ సంగతి వదిలెయ్. అందులో నీ ఫ్రేములను ఆపేది కార్డు కాదు, ప్రాసెసర్. ఏ కార్డు పెట్టినా ఒకటే.

కొనేముందు ఒక్క మాటకు నిజాయితీగా జవాబు చెప్పుకో. ప్రాజెక్టుకు బ్లెండర్‌లో రెండరింగ్ చేస్తావా? మెషీన్ లెర్నింగ్ మోడళ్లు ఇంట్లోనే ట్రైన్ చేస్తావా? చేస్తానంటే లెక్క మారుతుంది. ఆ ప్రపంచం ఎక్కువగా ఎన్విడియా క్యూడా అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోంది. ఏఎండీ మీద కూడా పనవుతుంది కానీ ఇన్‌స్టలేషన్‌తోనే సాయంత్రాలు గడిచిపోతాయి. అప్పుడు కూడా 5060 వద్దు. ఇంకొన్నాళ్లు డబ్బు కూడబెట్టి 5060 టీఐ 16 జీబీకి వెళ్లు. దానికీ 8 లేన్లే, కానీ మెమరీ నిండదు కాబట్టి ఆ ఇరుకు నిన్ను అంతగా బాధించదు.

నువ్వు రాయని విషయం ఇంకొకటుంది, ఎస్‌ఎంపీఎస్, అంటే పీసీకి కరెంటు ఇచ్చే పెట్టె. 1650 కార్డు 75 వాట్లతో సరిపెట్టుకునేది, చాలా మోడళ్లకు వేరే కేబులే అక్కర్లేదు. 9060 ఎక్స్‌టీ 16 జీబీకి 160 వాట్లు కావాలి, ఎక్కువ మోడళ్లకు ఒక 8 పిన్ కేబుల్ పెట్టాలి. క్యాబినెట్‌తో పాటు వచ్చిన లోకల్ ఎస్‌ఎంపీఎస్ అయితే ముందు దాన్ని మార్చు. ఆ 8 పిన్ కేబుల్ లేదని హార్డ్ డిస్కుల సాటా పిన్‌ను 8 పిన్‌గా మార్చే కన్వర్టర్ తగిలించుకోవద్దు. సాటా పవర్ పిన్ తట్టుకునేది 54 వాట్లు. దాని మీద ఈ కార్డు నడిపితే ప్లాస్టిక్ కరుగుతుంది, అలా కరిగినవి మా బల్ల మీదకు వస్తూనే ఉంటాయి. 80 ప్లస్ గుర్తున్న మంచి కంపెనీది 550 వాట్లు తీసుకో. ఇంట్లో 600 వీఏ యూపీఎస్ ఉంటే అది ఇచ్చేది 360 వాట్ల చుట్టుపక్కలే. కరెంటు పోగానే గేమ్ సేవ్ చేసి ఆపెయ్.

మన ఊరి ఎండ తెలిసిందే. మేలో 40 దాటుతుంది. స్లాబు కింద గది అయితే రాత్రి పది గంటలకు కూడా గోడలు సెగ కక్కుతాయి. క్యాబినెట్ ముందు ఒక ఫ్యాను లోపలికి, వెనక ఒకటి బయటికి కచ్చితంగా పెట్టించు. గోడకు ఆనించి టేబుల్ కింద దాచొద్దు. కొత్త కార్డు పెట్టగానే బయోస్‌లో (బోర్డు సెట్టింగ్స్‌లో) రీసైజబుల్ బార్, అంటే కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్‌కు ఒకేసారి అందించేది, ఉందేమో చూడు, కొన్ని 400 సిరీస్ బోర్డులకు అప్‌డేట్‌తో వచ్చింది. ఏఎండీ కార్డుకు అది మేలు చేస్తుంది.

షాపులో బాక్స్ మీద ‘16 జీబీ’ అని నీ కళ్లతో చూడు. 9060 ఎక్స్‌టీ పేరుతోనే 8 జీబీ కార్డు కూడా అమ్ముతున్నారు. ఈ రెండూ 2025 జూన్‌లో ఒకేసారి వచ్చాయి, 299 డాలర్లకు ఒకటి, 349 డాలర్లకు ఒకటి. చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లినా, ఇక్కడ తీసుకున్నా జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్ వేయించుకో. బిల్లు లేకుండా రెండు వేలు తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. రేపు వారంటీకి వెళ్తే అడిగేది ఆ కాగితాన్నే.

ప్రశ్న: సార్, మాది చిత్తూరు. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. 40 వేల కార్డు కావాలని ఒకటే పోరు. ఆడేది వాలరెంట్ ఒక్కటే. అంత పెట్టాలా?

జవాబు: అవసరం లేదమ్మా. ఆ గేమ్ తయారుచేసిన రయట్ కంపెనీయే 144 ఫ్రేములకు చాలని చెప్పిన కార్డు జీటీఎక్స్ 1050 టీఐ, 2016 నాటిది. ఇప్పుడు మీ పీసీలో ఉన్న కార్డు పేరు ఏమిటో బాబునే చూసి చెప్పమనండి. దానికి దగ్గరగా ఉంటే కార్డు మార్చక్కర్లేదు. మానిటర్ పాత 60 హెర్ట్జ్‌ది అయితే మాత్రం 144 హెర్ట్జ్‌ది కొనివ్వండి, ఆటలో తేడా పిల్లవాడికి అక్కడే కనిపిస్తుంది, ఖర్చూ చాలా తక్కువ. పెద్ద కార్డు సంగతి అతను ఇంజనీరింగ్‌లో ఏ బ్రాంచ్ తీసుకుంటాడో తేలాక చూడొచ్చు. పిల్లవాడి కోరికను కొట్టిపారేయొద్దమ్మా, కూర్చోబెట్టి ఈ లెక్క చెప్పండి. గేమ్స్ ఆడే పిల్లలు ఇలాంటి లెక్కలు ఇట్టే పట్టేస్తారు.

ప్రశ్న: శ్రీకాళహస్తిలో తెలిసినాయన ఆర్‌టీఎక్స్ 3060 సెకండ్ హ్యాండ్‌లో ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: 12 జీబీ అయితే తీసుకోవచ్చు. 2021లో వచ్చిన ఆ కార్డు పాత బోర్డులకు ఇప్పటికీ చక్కగా సరిపోతుంది, 16 లేన్లు ఉన్నాయి. కానీ అదే పేరుతో తర్వాత 8 జీబీది కూడా వచ్చింది, దాని మెమరీ బస్ (మెమరీకి వెళ్లే దారి వెడల్పు) 192 బిట్ నుంచి 128కి తగ్గింది. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాంలో మెమరీ ఎంతో, బస్ ఎంతో రెండూ కనిపిస్తాయి. ఆయన ఇంట్లోనే, ఆయన పీసీలోనే అరగంట పెద్ద గేమ్ ఒకటి నడిపించండి. తెర మీద చుక్కలు, గీతలు రాకూడదు. ఫ్యాన్లు గరగరమనకూడదు. స్క్రూల మీది స్టిక్కర్ చిరిగి ఉంటే ఎవరు విప్పారో, ఎందుకు విప్పారో అడగండి. వారంటీ మిగిలి ఉంటే అసలు బిల్లు కూడా తీసుకోండి. ‘ముందు డబ్బు ఇవ్వు, తీసుకెళ్లి ఇంట్లో చూసుకో’ అంటే మాత్రం నమస్కారం పెట్టి వచ్చేయండి.